మరవ మీది మూటలు

పదిహేడో ఇంటి తలుపు మీద తిమ్మప్ప సుద్దముక్కతో గీత గీసి, భుజం మీది మూటను గడప పక్కన దించాడు. టార్పాలిన్ ఒకటి, దుప్పట్లు రెండు, పది కిలోల బియ్యం. ఆ ఇంటికి సాయం అందిందని చెప్పడానికి ఆ గీతే గుర్తు. నాలుగు రోజులుగా ఇదే పని. తుపాను ఎక్కడో నెల్లూరు వైపు తీరం దాటిందన్నారు. దాని వాన మాత్రం కొత్తచెరువు టౌనుకు ఆవల ఉన్న ఈ ఊరి మీద రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది.

కరువుకు అలవాటుపడిన ఊరికి వరద సాయం పంచడమూ రాదు, అందుకోవడమూ రాదు. మొదటి రోజు వచ్చిన లారీలోంచి పశువుల మేత దిగింది. రెండో రోజు తాగునీటి ట్యాంకరు వచ్చి మోకాలి లోతు నీళ్లలో ఆగిపోయింది. సాయం పనులు చూడడానికి వచ్చిన అధికారిణి జయంతి తల పట్టుకుని, ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పగల మనిషి కావాలంది. అందరూ తిమ్మప్పను చూపించారు.

తిమ్మప్ప ఆ ఊరి నీరుగంటి. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం అతని పని. పేరుకే పని. చెరువు నిండితే కదా! యాభై ఎనిమిదేళ్ల బతుకులో అది నాలుగుసార్లు నిండింది. మొదటిసారి నాయన భుజాల మీద కూర్చుని చూశాడు. రెండోసారి పెళ్లయిన ఏడాది. మూడోసారి పదకొండేళ్ల కిందట. మిగిలిన కాలమంతా వేరుశనగ చేలల్లో కూలికి పోయాడు. అయినా పొద్దున్నే ఎండిన చెరువు కట్ట మీద ఒక చుట్టు తిరిగి రాకుండా నోట్లో ముద్ద పెట్టుకున్న రోజు లేదు. ఏ నీళ్లకు కాపలా కాస్తున్నాడో అని ఊళ్లో నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

నాలుగోసారి ఈ వానకే నిండింది. నిండిన చెరువులోంచి మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి గట్టును మరవ అంటారు. కళ్ల ముందు నీళ్లు పోతుంటే ఈ సీమలో ఎవరి ప్రాణమూ ఒప్పదు. అందుకని రైతులంతా కలిసి మరవ మీద మూడు వరసలు ఇసుక మూటలు పేర్చారు. ఇంకొక జానెడు నీళ్లు ఆగితే ఇంకొక పంట. వాన మొదలైన రెండో రోజు మధ్యాహ్నం, ఆ మూటలు వెంటనే తీసేయమని పై అధికారుల నుంచి తిమ్మప్పకు ఫోన్ వచ్చింది. తీస్తానన్నాడు. అన్నాడే గాని తీయలేదు. వానలో తడుస్తూ గంటసేపు నీళ్లను చూస్తూ నిలబడిపోయాడు. అన్ని నీళ్లను వదిలేయడానికి చేతులు రాలేదు. తీసేసరికి నీరు వెనక్కి తన్ని, చెరువు లోపలి అంచున పట్టాలిచ్చి కట్టించిన నేతగాళ్ల వీధిలోకి వచ్చేసింది. పధ్నాలుగు ఇళ్లలో, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలు నిండిపోయాయి.

ఆ గంట సంగతి తిమ్మప్పకు తప్ప ఎవరికీ తెలియదు.

"తిమ్మన్నా, రామాంజులు ఇంటికి ఇంకా ఇవ్వలేదా?" కాగితాలు చూస్తూ జయంతి అడిగింది.

"పోతాండా మేడమ్. కడాకు పెట్టుకున్యా."

మూడు రోజులుగా అదే మాట. రామాంజులు చిన్ననాటి స్నేహితుడు. వరద వచ్చిన రోజు అతని మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర ఉంది. చీర పూర్తికాకుండా మగ్గం మీది పడుగు పోగులు తెంపడం నేతగాళ్లకు అశుభం. అందరూ బడిలోకి వెళ్లిపోతున్నా అతను కదలలేదు. గుంతలో నడుము లోతు నీళ్లలో నిలబడి, పట్టు తడవకుండా భుజం మీదికి ఎత్తుకుని, వీధిలో నీళ్లు తగ్గేదాకా అట్లాగే ఉన్నాడు. మరునాడు జ్వరం పట్టుకుంది.

తిమ్మప్ప వెళ్లేసరికి రామాంజులు అరుగు మీద మంచంలో వణుకుతున్నాడు. కోడలు సువర్ణ అరికాళ్లు రుద్దుతోంది. మూట దించి, తిమ్మప్ప మంచం పక్కన గొంతుకూర్చున్నాడు.

"రామాంజులూ, నీకొక మాట చెప్పల్ల."

"ముందు నేను చెప్పేది ఇను. మరవ పారతాండాదంట కదప్పా! నన్నెవరూ ఎత్తకపోయి చూపీరు. ఎట్లుండాది?"

"బాగుండాది."

"నువ్వొక్కనివే మూటలన్నీ పీకినావంట. లేకుంటే కట్ట తెగి ఊరే పోయిండేది. మీ నాయన ఉంటే ఎంత సంబరపడిండేవాడో."

తిమ్మప్ప మూటలోని దుప్పటి తీసి అతనికి కప్పాడు. రామాంజులు తిట్టి ఉంటే చెప్పేసేవాడు. జ్వరం తగ్గాక రేపు చెబుదామని తనకు తాను సర్దిచెప్పుకుని లేచాడు. పిరికితనానికి అతను పెట్టుకున్న పేరు అది.

రెండు గంటలకు జయంతి పిలిపించిన బండి వచ్చింది. కొడుకు కేశవ తండ్రిని ఎత్తి పడుకోబెట్టి పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోయాడు. నాలుగింటికి అతనే ఫోన్ చేశాడు. నాయన దారిలోనే పోయినాడని చెప్పి భోరుమన్నాడు.

బడి వరండాలో జయంతి కొత్త కాగితం తీసింది. మరణానికి కారణం అన్నచోట భారీ వర్షం, వరద అని రాసి, సాక్షి సంతకం కోసం తిమ్మప్ప ముందుకు జరిపింది.

"వాన కాదు మేడమ్, నేను. మూటలు తీయమని ఫోన్ వచ్చినాక కూడా గంటసేపు చూస్తా నిలబడుకున్యా. అది రాయండి."

జయంతి కలం పక్కన పెట్టింది.

"రాయమంటే రాస్తాను తిమ్మన్నా. కానీ అప్పుడిది ప్రకృతి వైపరీత్యం కాదు, మనిషి తప్పు అవుతుంది. సువర్ణ వాళ్లకు పరిహారం రాదు. పధ్నాలుగు మగ్గాలకూ రాదు. నువ్వే చెప్పు."

రామాంజులుకు చెప్పవలసిన మాట తిమ్మప్ప పొద్దున చెప్పలేకపోయాడు. ఈ సంతకం పెడితే ఇక ఈ జన్మలో ఊళ్లో ఎవరికీ చెప్పే వీలుండదు.

"వాన అనే ఉండనీండి" అని సంతకం చేశాడు.

బకెట్ తీసుకుని నేతగాళ్ల వీధికి నడిచాడు. శవాన్ని తెచ్చే బండి కోసం చూస్తూ గుమ్మంలో కూలబడి ఉన్న సువర్ణ తలెత్తింది.

"ఇప్పుడెందుకు మామా ఇదంతా? పొద్దున్నుంచి మాకోసం తిరగతానే ఉండావు. నువ్వు లేకుంటే మా గతేమి?"

ఆ మాటకు తల ఎత్తలేక, తిమ్మప్ప వంగి లోపలికి పోయాడు. తడవని చీర దూలానికి కట్టి ఉంది. కింద గుంతలో నీళ్లు అట్లాగే ఉన్నాయి. బకెట్ తర్వాత బకెట్ ముంచి వీధిలో పోశాడు. నడుము పట్టేసినా ఆగలేదు. చివరికి అడుగు తేలింది. మగ్గం ఆడించడానికి కాళ్లతో తొక్కే రెండు చెక్కలు బురదలోంచి బయటపడ్డాయి. నలభై ఏళ్లుగా రామాంజులు పాదాలు ఆని పల్లం పడిన చోట, రెండింటిలోనూ నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి.