సంచుల కాపలా

పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ వండి, డబ్బాలకెత్తి, సీసాల్లో నీళ్లు నింపి, అత్తగారి మందులు, మొగుడి చలువ కళ్లజోడు, ఆడపడుచు పిల్లల మారుబట్టలు మూడు సంచుల్లో కుక్కేసరికి ఆ కోడలికి తల దువ్వుకునే తీరిక కూడా లేకపోయింది. "ఇంకా తెమల్లేదా? మనం వెళ్లేది స్వాతంత్ర్యం వచ్చిన చోటు చూడ్డానికి, పెళ్లికి కాదు. ముస్తాబు చాల్లే" అన్నాడు మొగుడు, అద్దం ముందునుంచి కదలకుండానే.

పట్నం నడిబొడ్డున ఉందా కూడలి. తెల్లదొరలు దిగిపోయిన రోజు మొదటి జెండా ఎగిరింది అక్కడే, ఇప్పుడు చుట్టూ గోడ కట్టి గేటు పెట్టారు. కోడలి అమ్మమ్మ ఆనాడు చంటిపిల్లని చంకనేసుకుని, ఆ జనంలో తోసుకుంటూ వెళ్లి జెండా దిమ్మె పక్కనే నిలబడిందట. ఆ చంటిపిల్లే ఈవిడ తల్లి. పోయేముందు ఆ తల్లి అడిగింది ఒక్కటే, ఆ దిమ్మె మీద ఓసారి చెయ్యి పెట్టి రమ్మని. పెళ్లయ్యాక రెండుసార్లు వచ్చింది కానీ గేటు దాటిందెక్కడ? లోపలికి సంచులు రానివ్వరు, ఎవరో ఒకరు బయట బెంచీ మీద కాపలా ఉండాలి. ఆ ఒకరెవరో వేరే చెప్పాలా? మొదటిసారి అత్తగారి చెప్పులతో సహా కాసింది. రెండోసారి ఒళ్లో కూతురు. మీరు కూర్చోండి, నేనూ చూసొస్తానంటే, పొద్దుపోయింది పదమన్నారు. అమ్మమ్మ సంగతి చెప్పబోతే అత్తగారు, "జెండా ఎగరేసింది మీ అమ్మమ్మేనా ఏం?" అని నవ్వింది. ఆ నవ్వు ఇన్నేళ్లూ గొంతులో చేపముల్లై కూర్చుంది.

ఈసారైతే అడగను కూడా అడగలేదు. గోడకి చీపురు ఆనించి పోయినట్టు, సంచులు ఆవిడ కాళ్ల దగ్గర పెట్టి నడిచారు. కూతురు మాత్రం ఆగి, "అమ్మ రాదా నాన్నా?" అంది.

"మీ అమ్మకి ఇలాంటివి పట్టవులే. వంటిల్లు దాటితే ఆవిడకేం తెలుసు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టవా? పట్టించుకోనిచ్చిందెవరు? వంటిల్లు దాటితే కదా తెలిసేది, దాటబోతే కూర ఎవరు కలుపుతారనేది తమరే కదా. పిల్లలకి స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసమిస్తూ పోతున్నాడు మహానుభావుడు, మంచినీళ్ల సీసా మూత కూడా పెళ్లాం తిప్పి ఇవ్వాలి. దొరలు పోయారట, ఎవరింట్లోంచి పోయారు? ఆ దొరల్ని పొమ్మనడానికి ఊరంతా కదిలింది. ఈ దొరకి చెప్పడానికి తనొక్కతే. ఇంకెవరో వచ్చి చెబుతారని చూస్తూ కూర్చుంటే జుట్టు నెరిసింది. ఒళ్లు మండి సంచులకేసి చూసింది. మందులు వాళ్లవి, బట్టలు వాళ్లవి, తిండి వాళ్లడిగిందే. అంత బరువులో తనది చేతిరుమాలైనా లేదు.

బెంచీ మీంచి లేచింది. కొంగు దులిపి, గేటుకేసి నడిచింది. కాపలా మనిషి వెనకనుంచి కేకేశాడు, "ఏమమ్మా, ఈ సంచులెవరివి? ఇలా వదిలేస్తే ఎత్తి చెత్తలో పారేస్తాం."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"నావి కావు" అని లోపలికి వెళ్లిపోయింది.