లెందూప్ పిక్క మీద మచ్చ

లెందూప్ కుడి పిక్క మీద బెత్తెడు మచ్చ ఉంది. గురి పలక పక్కన నిలబడి ఉండగా దారి తప్పిన బాణం గీరుకుపోయిందని నాలుగేళ్లుగా చెప్పుకుంటున్నాడు. విలుకాడికి అలాంటి మచ్చ పతకంతో సమానం. అందుకే ఎక్కడ నిలబడ్డా ఆ కాలే ముందుకు పెట్టేవాడు. అసలు సంగతి లోకంలో ఒక్క యాంచెన్‌కే తెలుసు. యాంచెన్ అతని భార్య.

చిక్కంతా అక్కడే వచ్చింది. పెళ్లయ్యాక ఆ సీమ ఆచారం ప్రకారం అందరిలాగే అత్తవారి ఊరు తోబ్రాంగ్‌లో కాపురం పెట్టాడు గాని, విల్లు మాత్రం పుట్టిన ఊరు జెల్‌ఖా తరఫునే పడతాడు. ఈ ఏడు పోటీ ఆ రెండు ఊళ్లకే పడింది. అవతలి జట్టువాడు విల్లెత్తగానే ఆడవాళ్లు చేరి ఆడుతూ పాడుతూ వాడి బట్టతలనీ బానపొట్టనీ ఉతికి ఆరేయడం ఈ ఆటలో ఉన్నదే. తోబ్రాంగ్ పాటగత్తెలకు యాంచెనే నాయకురాలు. కిందటేడు ఆమె నోటి ధాటికి ఒక మొనగాడి బాణం ముల్లంగి చేలో దిగింది.

జెల్‌ఖా జట్టు పెద్ద నాంగే ముందే తేల్చి చెప్పాడు. "అత్తారింటి అన్నం తిని నీ చూపు అటు తిరిగిందిరా. మూడేళ్లుగా ఆఖరి బాణం గాలికే పోతోంది. ఈసారీ తప్పావో, నీ విల్లు అటకెక్కించుకో. నీ చోటు నా మేనల్లుడికిస్తా."

విల్లు లేకుండా తానెలా ఉంటాడో లెందూప్‌కు ఊహకే అందలేదు. మూడు వారాలు కసిగా సాధన చేశాడు. ఆ సాధన బాణాలతో కాదు, తిట్లతో. జట్టువాళ్లను చుట్టూ నిలబెట్టి తనను తిట్టమన్నాడు. వాళ్లూ ఏమాత్రం మొహమాటపడలేదు. ఇదే అదనని కొందరు పాత కక్షలు కూడా తీర్చుకున్నారు. అతను ఊపిరి లెక్కపెట్టుకుంటూ పలక నడిమికే చూసేవాడు. మూడో వారానికి చెవి పక్కన డోలు వాయించినా రెప్ప కదలలేదు.

పోటీలో ఇరవై అయిదు ముందు చేరినవాళ్లదే గెలుపు. మధ్యాహ్నం తిరిగేసరికి తోబ్రాంగ్ ఇరవై నాలుగు, జెల్‌ఖా ఇరవై మూడు. బాణం పలకకు తగిలితే రెండు వస్తాయి. లెందూప్ చేతిలో రెండే బాణాలున్నాయి.

అతను గీత దగ్గరికి రాగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"బావా, పలక అటుంది! నువ్వు చూసేది మా మేకని!"

"అంత దూరం కనబడుద్దా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లమా?"

లెందూప్ లోలోపల నవ్వుకున్నాడు. ఇంతకన్నా ఘోరమైనవి జట్టువాళ్లే అన్నారు. ఊపిరి ఒకటి, రెండు. అప్పుడు చూశాడు. వరస చివర యాంచెన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె పెదవి కదపడం లేదు.

ఎందుకు మాట్లాడదు? మచ్చ సంగతి బాణం వదిలే క్షణానికని దాచుకుందా? మూడు. ఇప్పుడు అంటుంది. నాలుగు. ఇంకా అనలేదే! అయిదు రాకముందే వేళ్లు సడలాయి, బాణం పలక మీంచి ఎగిరి ఎటో పోయింది. నాంగే తల పట్టుకుని కూలబడ్డాడు.

రెండో బాణం సంధించాడు గాని చూపు పలక మీద నిలవక మళ్లీ వరస చివరికే పోతోంది. ఆమె నోరు తెరుస్తుందన్న భయంతో మెడ మీద చెమట పట్టింది. ఇలా అయితే ఇదీ పోతుందని తెలిసిపోయింది. విల్లు దించేశాడు.

"ఆగండమ్మా!" అని అరిచి భార్య వైపు తిరిగాడు. "నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. నీకెందుకే శ్రమ, నేనే చెప్తా. వినండి అందరూ! ఈ మచ్చ బాణం చేసింది కాదు. మా అత్త పెంచే ఎర్ర పుంజు పొడిచింది! అది కనబడితే ఇవాళ్టికీ కట్టెల మోపెక్కి పెళ్లాన్ని కేకేస్తా!"

రెండు ఊళ్లూ ఒకేసారి పగలబడి నవ్వాయి. పాటగత్తెలు పాట మరిచి పొట్టలు పట్టుకున్నారు. లెందూప్‌కూ నవ్వొచ్చింది. నాలుగేళ్ల బరువు దిగి భుజాలు తేలికయ్యాయి. నవ్వు మొహంతోనే విల్లు లాగి వదిలాడు. అటు చివర చెక్క టప్పుమంది. జెల్‌ఖావాళ్లు గెంతులేస్తూ పరిగెత్తుకొచ్చారు.

"నీ చోటు నీదేరా!" అని నాంగే, గురి కొట్టినవాడికి కట్టే రంగు గుడ్డని అతని నడుముకు కట్టాడు.

గుడ్డ ఊపుకుంటూ లెందూప్ భార్య దగ్గరికి వెళ్లాడు. "చూశావా? నీ ఆయుధం నేనే లాగేసుకున్నా."

"ఏ ఆయుధమయ్యా? పొద్దుట్నుంచీ గొంతు నొప్పని అబద్ధమాడి నోరు కుట్టేసుకున్నాను. మావాళ్ల చేత నానా మాటలూ పడ్డాను. విల్లు పోతే నువ్వు మనిషివి కావని కాదూ?"

లెందూప్ మొహం పాలిపోయింది. "మరి ముందే చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు చెప్పాలి? పోటీ ముందు పెళ్లాం మొహం చూడకూడదంటూ మీరంతా మూడు వారాలూ పోయి కొట్టంలో పడుకుంటిరి!"

మూడు వారాలు ఈమెనే శత్రువనుకుని సాధన చేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ సిగ్గులోనే ఆమె మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. "ఇప్పుడు గొంతెలా ఉంది?" అన్నాడు.

"తగ్గిపోయిందిలే," అంది యాంచెన్. తనవాళ్ల వైపు తిరిగి చప్పట్లు చరిచి, పుంజు మీద పాట ఎత్తుకుంది. రెండో చరణానికల్లా జెల్‌ఖావాళ్లు కూడా గొంతు కలిపారు. అందరికన్నా గట్టిగా పాడుతున్నవాడు నాంగే.