గాలి పనికి బండికి శిక్ష

ఫైనల్ ఇంకా రెండు రోజులుందనగా నా బండి మీద తొంభై కిలోల బరువు పెట్టారు. పెట్టింది ఈ బండి పందేల వీడియో గేమ్‌ను తయారుచేసిన కంపెనీ. ఎక్కడో చలిదేశంలో కూర్చుని, పిల్లలు ఆడుకునే తొట్టెలో తప్ప ఇసుక చూడని మనుషులు. "బ్యాలెన్స్ సవరణ" అని దానికో పేరు. "ఇసుక ట్రాక్ మీద ఈ బండి అతిగా గెలుస్తోంది కనుక" అని కారణం కూడా రాశారు.

చదవగానే ఒళ్లు మండిపోయింది. గెలుస్తున్నది బండి కాదు. గాలి.

మాది హాయిల్. ఊరు దాటితే నఫూద్ ఎడారి. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి సగానికి పైగా తీసెయ్యాలని ఇక్కడ నడక నేర్చిన పిల్లకి కూడా తెలుసు. మా నాన్న ముతఇబ్ నలభై ఏళ్లు ఆ దిబ్బల్లో ఒంటెలకు ట్యాంకర్‌తో నీళ్లు తోలాడు. "పధ్నాలుగు దగ్గర ఆపు షుమూఖ్" అనేది ఆయన నోట నేను చిన్నప్పటి నుంచీ విన్న మాట. ఆటలో ఎడారి ట్రాక్ వచ్చినప్పుడు లోకమంతా రోడ్డు మీద ఉండే గాలితోనే తోలి దిగబడుతుంటే, నేను అలవాటుకొద్దీ టైర్లలో గాలి పధ్నాలుగు పాయింట్లు పెట్టాను. నేను తోలేది చిన్న జీపు. మిడత అని పేరు పెట్టుకున్నాను. మిడత దిబ్బలన్నీ దాటేసింది.

అడిగినవాళ్లందరికీ ఆ సంఖ్య చెప్పాను. అడగనివాళ్లకీ చెప్పాను. దిగబడిన బండిని చూసి ఆగకుండా పోయేవాణ్ణి మా వైపు మనిషిగా లెక్కెయ్యరు. వేలమంది నా గాలి పెట్టుకున్నారు. నా మీద నమ్మకంతో ఆటలో నా రకం జీపే ఎక్కారు. కంపెనీ కళ్లకు మిడత ఒక్కటే కనిపించింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకొకటి. పేరిచ్చాక బండి మార్చకూడదు. ఈ ఫైనల్ గెలిచిన ఒక్కరినే రియాద్ జట్టులోకి తీసుకుంటారు. ఇరవై ఎనిమిది నిండితే ఇక పోటీకే రానివ్వరు, నాకు వచ్చే నెల నిండుతాయి. కంపెనీకి నాలుగు పేజీలు రాశాను. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని ఒక్క ముక్క వచ్చింది.

సాధన చేస్తుంటే నాన్న కాఫీ గిన్నె పట్టుకుని నా వెనక కూర్చున్నాడు.

"ఏందమ్మా, నీళ్లు తాగే ఒంటెలాగా ముక్కు దించుతోంది బండి?"

"ముందు వైపు తొంభై కిలోలు కట్టారు నాన్నా."

"ఎందుకు?"

"గెలుస్తోందని."

"గెలిచే ఒంటె కాలికి రాయి కట్టేవాళ్లు అసలు పందెం ఎందుకు పెడతారే?"

"వాళ్లనే అడుగు."

"ఆ ఇసుక కూడా ఇసుకలా లేదు. దిబ్బ వెనక సబ్బు రాసినట్టు జారుతోంది. దీన్ని తయారుచేసినవాడు ఒక్కసారైనా చెప్పులు విప్పి ఇసుకలో నడిచాడా?"

"చెప్పులతో కూడా నడిచుండడు."

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పోటీ మొదలైంది. మొత్తం ఎనిమిది మందిమి. నాకు పోటీ కువైట్ కుర్రాడు జర్రాహ్, పెద్ద పికప్ వాడిది. నెల కిందట "అక్కా, ఇసుకలో చచ్చిపోతున్నాను, ఏదన్నా చెప్పు" అంటే వాడికీ పధ్నాలుగు చెప్పాను. వాడి పికప్ మీద ఎవరూ ఏ బరువూ పెట్టలేదు.

చివరి చుట్టు దాకా నేనే ముందున్నాను. చివరి దిబ్బ కొన మీద మిడత ముక్కు దించింది. ముందు చక్రాలు ఇసుకలోకి దూరాయి. నేను లాక్కుని బయటపడేసరికి పికప్ నా పక్కనుంచి పోయింది. అర సెకను తేడాతో ఓడిపోయాను.

చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకి సోఫా మీద విసిరికొట్టాను. అప్పుడే జర్రాహ్ సందేశం వచ్చింది. "నీ పధ్నాలుగు లేకపోతే మొదటి దిబ్బ దగ్గరే ఆగిపోయేవాణ్ణి అక్కా. ఈ గెలుపులో సగం నీది." వాడు మనస్ఫూర్తిగానే రాశాడు, దాంతో నాకు ఇంకా మండింది. ఆ సగాన్ని నేనేం చేసుకోవాలి?

"చెప్పకుండా ఉండాల్సింది అనిపిస్తోందా?" అన్నాడు నాన్న.

ఫోన్ మళ్లీ మోగింది. సకాకా అనే ఊరి నుంచి ఒకమ్మాయి. "అక్కా, మూడో దిబ్బ దగ్గర దిగబడుతున్నా. గాలి ఎంత పెట్టను?"

"పోయి కంపెనీనే అడుగు" అని టైపు కొట్టాను. పంపబోతూ ఆగి, చెరిపేశాను. ఈసారి ఆట ఆడేవాళ్ల ఫోన్ గుంపు మొత్తానికి రాశాను.

"గాలి పధ్నాలుగు. కానీ అందరూ నా బండే ఎక్కొద్దు. తలా ఒకటి ఎక్కండి. పెద్దది, పాతది, ఎవరూ ముట్టనిది. అన్ని బండ్లూ గెలిస్తే వాళ్లు ఎన్నిటికి రాళ్లు కడతారో చూద్దాం."

నాన్న నా భుజం మీదుగా చదివి, నా గిన్నెలో కాఫీ పోశాడు.

"మరి మిడతో?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అది నాది," అని రాశాను. "తొంభై కిలోలతో సహా."