ఆడి చూశాకే అమ్మకం

సీడీ మీద నోటితో ఆవిరి ఊది, పాత నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచింది పిన్ని. గుండ్రంగా తుడవకూడదు. అలా తుడిస్తే ఉన్న గీతకు కొత్త గీత తోడవుతుంది. కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. వెంట్రుకవాసి గీత ఒకటి ఇంకా మిగిలే ఉంది.

"నీ మొండితనం తగలెయ్య" అని మళ్ళీ ఊదింది.

కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఆమె పిన్నే. గడ్డం నెరిసినవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. వీడియో గేముల కొట్టది. ముందువైపు గాజు బీరువాలు, కొత్త మిషన్లు, మరిది కూర్చునే తిరుగుడు కుర్చీ. వెనక మెట్ల కింద ఆమె బల్ల, పాత సీడీల అరలు. భర్త ఉన్నన్నాళ్ళూ కొట్టంతా పాత సరుకే. ఆయన పోయి, గల్లాపెట్టె ఆయన తమ్ముడి చేతికి వచ్చాక, కొత్త సరుకు ఒక్కో అరే ఆక్రమించుకుంటూ వచ్చి ఆమెను మెట్ల కిందికి నెట్టేసింది. బల్ల దగ్గరనుంచి లేచేటప్పుడు తల వంచకపోతే మెట్టు తగులుతుంది. తగిలినప్పుడల్లా ఆమె తిట్టేది మెట్టును కాదు.

భర్త పెట్టిన పద్ధతి ఒకటి మాత్రం ఆమె వదల్లేదు. ఆడి చూడనిదే ఏ సీడీ గడప దాటకూడదు. పాతదైనా కొత్తదైనా బల్ల పక్కనున్న మిషన్‌లో పెట్టి, బొమ్మ వచ్చి, ఆట కాస్త కదిలేదాకా చూస్తుంది. ఆమెకు ఆడటం రాదు. కారు గోడకు కొట్టుకుంటుంది, కత్తి పట్టినవాడు గుంటలో పడతాడు. "నీ చేతికి చిక్కినవాడు బతికి బట్టకట్టడు పిన్నీ" అని నవ్వేవాళ్ళు. ఎవడు చస్తే ఆమెకేం, బొమ్మ కదిలితే చాలు.

ఆమెకు కష్టమనిపించేది కొనేవాళ్ళతో కాదు, అమ్మేవాళ్ళతో. డబ్బా బల్ల మీద పెట్టాక కూడా దానిమీంచి వేలు తీయరు. "ఇది మా అన్న పెళ్ళి కాకముందు నాతో ఆడింది పిన్నీ" అంటారు. "మంచి ఇంటికి వెళ్ళేలా చూడు" అంటారు, కుక్కపిల్లను ఇచ్చి పోతున్నట్టు. కొత్త ఆట కొనాలంటే పాతది వదులుకోక తప్పదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఆ వేలు వెనక్కి పోయేదాకా ఆమె తల తిప్పుకుని గుడ్డ దులుపుతూ కూర్చునేది.

ఆ ఉదయం అరలు సగం ఖాళీగా ఉన్నాయి. కొత్త మిషన్ తయారుచేసే కంపెనీ మరిదికి ఏజెన్సీ ఇస్తానంది. షరతు ఒకటే, ఆ కొట్టులో పాత సరుకు కనపడకూడదు. నాలుగు రోజులుగా పాత సామాను తుక్కుకు పోతోంది. గీతలు పోయేదాకా ఆమె తుడిచినవి కూడా తూకానికే వెళ్ళాయి.

కంపెనీ మనిషి నిచ్చెన ఎక్కి గోడకు బొమ్మల కాగితం అంటిస్తున్నాడు. సన్నగా, నిద్ర చాలని మొహంతో ఉన్నాడు.

"ఏం నాయనా, మేం పాతవి అమ్ముకుంటే మీ కంపెనీకి ఎక్కడ నొప్పి?" అంది పిన్ని, గుడ్డ ఆపకుండా.

"ఒక ఆట తయారవ్వాలంటే వందలమంది ఏళ్ళ తరబడి పనిచెయ్యాలమ్మా. ఒకరు కొన్నదాన్ని పదిమంది ఆడితే వాళ్ళ కష్టానికి ఏం మిగులుతుంది? మిషన్ల రేట్లు పెరగడానికి అదీ ఒక కారణమే."

"మంచం చేసిన వడ్రంగి, ఆ మంచం నేను పక్కింటివాళ్ళకు అమ్ముకుంటే వాటా అడగడానికి వస్తాడా?"

అతను నిచ్చెన మీదే ఆలోచించాడు. "మంచం పాతబడుతుందమ్మా. ఆట పాతబడదు."

 ఆ మాటకు ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

"నీ దగ్గరుందా కొత్త మిషను?"

"నా జీతానికా? మా ఇంట్లో పాతదే" అని నవ్వి కాగితం సరిచేశాడు. మరిది దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు తెలుసు. నోరు మూసుకో వదినా అని దాని అర్థం.

ఎండ గడప దాటి లోపలికి వచ్చేవేళకు క్రేను డ్రైవరు వచ్చాడు. సంచిలోంచి కొత్త మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు, దాని మీద సీడీ డబ్బా పెట్టాడు. అతను ఎప్పటినుంచో వచ్చేవాడే. తండ్రి లారీ డ్రైవరు. కాళ్ళు పడిపోయి మంచంలో ఉన్నాడు. లారీ తోలే ఆట ఒకటుంది. దాన్ని పెట్టి చేతికి స్టీరింగు ఇస్తే పొద్దస్తమానం తోలుతూ ఉంటాడు. పాత మిషన్, పాత సీడీలు అన్నీ ఇచ్చేసి, మిగతా డబ్బు కట్టి వారం కింద ఈ కొత్తది తీసుకెళ్ళాడు.

"ఇది మా ఇంట్లో ఆడట్లేదు పిన్నీ. పెట్టిన ప్రతిసారీ, ఈ ఆట మరొకరిది అని వస్తోంది. మా నాన్న ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. జన్మంతా తోలిన లారీ మరొకరిదే, ఇదీ మరొకరిదేనా అన్నాడు. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు."

"సీల్ తీయని సరుకు. ఎవరిదవుతుంది?" అంటూ ఆమె సీడీని తన పక్కనున్న కంపెనీ మిషన్‌లో పెట్టింది. బొమ్మ వచ్చింది. లారీ కదిలింది. తీసి అతని మిషన్‌లో పెట్టింది. మరొకరిది.

కంపెనీ మనిషి నిచ్చెన దిగి వచ్చాడు. డబ్బా తిప్పి చూశాడు. "అమ్మే ముందు దీన్ని ఇక్కడ ఆడారా?"

"ఆడకుండా ఎలా ఇస్తాను?"

అతను తల పట్టుకున్నాడు. "ఈ కొత్తవి అలా కాదమ్మా. ఏ మిషన్‌లో మొదట ఆడితే ఆ మిషన్‌కే కట్టుబడిపోతాయి. ఇంక వేరేచోట ఆడవు. వాడినవి చేతులు మారకుండా అలా పెట్టారు. మీ మరిదిగారికి చెప్పానే."

పిన్నికి ఆ రోజు కళ్ళముందు కదిలింది. క్రేను డ్రైవరు డబ్బా పట్టుకుని గడప దాటబోతుంటే, "ఆగు, ఆగు, చూడనిదే ఇవ్వను" అని వెనక్కి పిలిచింది తనే. పైకాగితం గోటితో చీల్చింది తనే. చూపించడానికని కంపెనీ ఇచ్చిన మిషన్‌లో పెట్టి, లారీని గోడకు గుద్ది, "బంగారంలా ఉంది, పో" అంది తనే. అతను దండం కూడా పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది మరిదితో.

"చెబితే నువ్వు ఊరుకుంటావా వదినా? ఏజెన్సీ చేతికొచ్చాక మెల్లగా చెబుదామనుకున్నా."

"ఇతని పాత మిషనేది?"

"తుక్కులో పోయింది." మరిది క్రేను డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంకో సీడీ తీసుకో బాబూ, నీకు తగ్గించి ఇస్తా."

"ఇంకోటి కొనగలిగితే పాతవన్నీ మీకెందుకిస్తానండీ?" అన్నాడతను. కోపంగా కూడా అనలేదు.

కంపెనీ మనిషి ఫిర్యాదు రాసి పంపుతానన్నాడు. జవాబు వస్తుందా అని పిన్ని అడిగితే కిందికి చూశాడు. "వస్తుంది. నిబంధన అంతేనని వస్తుంది" అన్నాడు. రేపొచ్చి కంపెనీ సామాను సరిచూసుకుంటానని మరిదికి చెప్పి, నిచ్చెన గోడకు చేరేసి బయల్దేరాడు. గడప దగ్గర పిన్ని మాట అతన్ని ఆపింది.

"ఆట పాతబడదన్నావు. పాతబడే దాకా మీరు బతకనిస్తే గదా నాయనా."

అతను తిరిగి చూడకుండానే గడప దిగాడు.

తర్వాత పిన్ని అన్నం డబ్బా తెరవలేదు. క్రేను డ్రైవరు పోలేదు, ఏం చెయ్యాలో తెలియక స్టూలు మీద కూర్చున్నాడు. పిన్ని తన చేతులతో తనే, మంచిదని చేసిన పని. భర్త నేర్పిన ఒకే ఒక్క నిజాయితీని కంపెనీవాళ్ళు తాళం చేసి, ఆమె చేతే మంచం పట్టిన మనిషి మీద వేయించారు. అది తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. ఆమె లేచింది. మెట్టు తలకు తగిలింది. ఈసారి ఏమీ తిట్టలేదు.

బల్ల పక్కనున్న కంపెనీ మిషన్ తీగలు ఒక్కొక్కటే లాగింది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"సీడీ ఈ మిషన్‌దన్నారుగా. దీన్ని దాని మిషన్‌తో పంపిస్తున్నా."

"అది కంపెనీది. అమ్మకానికి కాదని దానిమీదే రాసుంది."

"అమ్మడం లేదు. ఇస్తున్నా."

"ఏజెన్సీ పోతుంది. నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?"

ఆ మాటకు ఆమె చేయి ఆగింది. మరిది పిల్లలకు లాలపోసింది ఆమే. తీగను మెల్లగా చుట్టింది.

"పోదులే. రేపు అతనొస్తే మా వదిన ఎత్తుకుపోయిందని చెప్పు. నేను మళ్ళీ రాను కాబట్టి నమ్ముతాడు. నా బల్ల ఖాళీ అవుతుంది, పాత సరుకంతా పోయినట్టే."

 మరిది వద్దు వదినా అంటాడేమో అని ఆమె తీగ చుట్టడం పూర్తయ్యేదాకా చూసింది. అతను అనలేదు.

"నీ మీదికి వస్తుంది పిన్నీ" అన్నాడు క్రేను డ్రైవరు, సంచి నోరు తెరిచి పట్టుకునే.

"నా మీదికి రావడానికి ఇంకేం మిగిలుంది? నడువు. మీ నాన్నకు చెప్పు, ఇది ఆయనదేనని. ముందు రెండు ముద్దలు తినిపించు."

అతను వెళ్ళాడు. ఆమె నూలుగుడ్డ ఉతికి దండెం మీద ఆరేసింది. తెరవని అన్నం డబ్బా చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని, "గల్లా తాళం మర్చిపోకు" అని మాత్రం అంది. ఎప్పుడూ అనేదే. వీధి మలుపు దాకా మామూలు నడకతోనే వెళ్ళింది.

చీకటి పడుతుండగా మరిది షట్టరు దించబోయి ఆగాడు. మెట్ల కింద బల్ల మీద క్రేను డ్రైవరు బదులుగా వదిలేసిపోయిన మిషన్ ఉంది. దాని వెనకవైపు అతని తండ్రి, లారీల వెనక అంటించే ఎర్ర మెరుపు కాగితం ముక్క ఒకటి వంకర లేకుండా అంటించి ఉంచాడు. వీధిలో వెళ్ళే బండ్ల వెలుగు పడ్డప్పుడల్లా అది, వెనక వచ్చేవాళ్ళు చూసుకుని రావాలన్నట్టు, మెరుస్తూనే ఉంది.