పరగడుపు రొట్టె

చుప్కో నోరు తెరిస్తే చాలు, పోస్టుమాన్ ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి పోయేవాడు. కరుస్తుందన్న భయంతో కాదు, కంపు భరించలేక. పదకొండేళ్ళ ఆ బొచ్చుకుక్కకి పళ్ళమీద గార అట్టలు కట్టింది. చిగుళ్ళనుంచి నెత్తురు కారుతోంది. మెత్తటి రొట్టె కూడా ఒక పక్కనే నములుతోంది. ఇలాగే వదిలేస్తే నోట్లో కుళ్ళు గుండెదాకా పోతుందని వాల్యెవో పట్నంలో కుక్కల డాక్టరు చెప్పాడు. పళ్ళు శుభ్రం చెయ్యడానికి ఎంతవుతుందో కూడా చెప్పాడు. దాన్ని పెంచుతున్న వుకోసావ ఆ మాట విని కుక్కని చంకనేసుకుని బయటికి వచ్చేసింది. ఆవిడ రెండు నెలల పింఛను కలిపినా ఆ ఖర్చుకి చాలదు.

సంతలో కుక్కలకి బొచ్చు కత్తిరించే ఒకావిడ, మత్తూ గిత్తూ ఏమీ అక్కర్లేదు, కొక్కెంతో గార గీకేస్తానంది. చాలా తక్కువకే చేస్తానంది. వుకోసావ ఆడబిడ్డ స్టానియాకి ప్రాణం లేచొచ్చింది. వుకోసావ మాత్రం ససేమిరా అంది.

"పైన తెల్లగా గీకి పంపిస్తుంది. లోపల కుళ్ళు ఎవరు చూడొచ్చారు? గోడకి సున్నం కొట్టినట్టు."

చివరికి ఎవరో బెల్‌గ్రేడ్‌లో పశువైద్య కళాశాల సంగతి చెప్పారు. ప్రొఫెసరు పక్కన నిలబడి చూస్తుంటే అక్కడ చదువుకునే పిల్లలే పళ్ళు శుభ్రం చేస్తారట. ఖర్చు నాలుగోవంతు కూడా కాదట. కాకపోతే పూర్తిగా మత్తిచ్చి నిద్రపుచ్చాలట.

నిద్రపుచ్చడం అన్న మాట వినగానే స్టానియా గుండెలమీద సిలువ గుర్తు వేసుకుంది.

ఆమె అన్న, వుకోసావ మొగుడు ఒబ్రెన్ మూడేళ్ళ కిందట హెర్నియా ఆపరేషనుకి తన కాళ్ళమీద తను నడిచి వెళ్ళాడు. నర్సుతో పరాచికాలాడుతూ బల్లెక్కాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒకరినొకరు దెప్పుకునే ఇద్దరు ఆడవాళ్ళు, ఒకప్పుడు ఒబ్రెన్ కోటు జేబులో పెట్టుకుని తెచ్చిన ఈ కుక్క మిగిలారు. ఇదీ పోతే ఒబ్రెన్‌ది అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఊపిరి ఉన్నదేదీ ఉండదు.

రాత్రి తిండి తర్వాత కుక్కకి ఏమీ పెట్టొద్దని కళాశాల వాళ్ళు ఫోన్లో గట్టిగా చెప్పారు. వుకోసావ రొట్టెల అలమరకి తాళం వేసి తాళంచెవి రవికెలో దోపుకుంది.

"తాళం కుక్కకా, నాకా?" అంది స్టానియా.

"దానికి అలమర తియ్యడం రాదులే."

అలా వెక్కిరించినా, తాళం వెయ్యాల్సిన చోటు అది కాదని వుకోసావకి తెలియదు. స్టానియా దగ్గర ఉన్నది అలమరలో రొట్టె కాదు. ఆదివారం చర్చిలో పంచిన నఫోరా, అంటే పాదిరి దీవించిన రొట్టె ముక్కలు. ఎండబెట్టి, దేవుడి పటం కింద రుమాల్లో మూటగట్టి దాచుకుంది. ఆ రొట్టెని ఎప్పుడు తింటారు? పొద్దున లేవగానే, పరగడుపున, ఇంకేదీ నోట పెట్టకముందు. దాన్ని తిన్నంత మాత్రాన పరగడుపు చెడదు. వాళ్ళమ్మ చెప్పింది, అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. స్టానియాకి సంబంధించినంతవరకు నఫోరా తిండి కాదు, కాపుదల.

అయితే దాన్ని కుక్కకి పెట్టడం మాత్రం పాపమే. పొడి కింద రాలితేనే వేలితో అద్ది నోట్లో వేసుకునే జాతి వాళ్ళది. అందుకే పొద్దున వుకోసావ కోళ్ళకి గింజలు వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు, పటం వైపు వీపు తిప్పి, తీర్థంలో నానబెట్టిన ముక్కలు చుప్కో ముందు పెట్టింది. ఒక ముక్కతో ఆపుదామనుకుంది. అది తోకాడిస్తూ చూసేసరికి చెయ్యి ఆగలేదు. పిడికెడు పెట్టింది. తర్వాత బస్సులో బెల్‌గ్రేడ్ దాకా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

కళాశాల వరండాలో మందుల వాసన. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న యాగోడ అనే అమ్మాయి కుక్కని తూచి, నోరు తెరిచి చూసి, మొహం చిట్లించకుండా నవ్వింది. ఆ ఒక్కదానికే స్టానియాకి ఆ పిల్లంటే ఇష్టం కలిగింది.

"రాత్రినుంచి ఏమీ తినలేదు కదా పిన్నీ?"

"నేను దగ్గరుండి కాపలా కాశానమ్మా," అంది వుకోసావ.

స్టానియా కోటు జేబులో రుమాలు తడుముకుంది. అడిగింది తిండి గురించి. నఫోరా గురించి ఎవరూ అడగలేదు.

"ఇంతకీ తింటే ఏమవుతుందే అమ్మాయ్?" అంది, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"మత్తులో ఉన్నప్పుడు దగ్గు రాదు పిన్నీ. కడుపులో ఉన్నది పైకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక మనం ఎంత చేసినా..." ఆ పిల్ల చుప్కోని ఎత్తుకుంది. "అందుకే ఈ పట్టింపంతా. మనుషులకైనా అంతే."

తలుపు మూసుకుంది.

మనుషులకైనా అంతే. స్టానియాకి ఒబ్రెన్ ఆసుపత్రి మంచం కళ్ళ ముందు నిలిచింది. ఆ పొద్దున వుకోసావ నర్సుతో మాట్లాడడానికి బయటికి వెళ్ళింది. అన్న మొహం పాలిపోయి ఉంది. పైకి జోకులు వేస్తున్నాడు గానీ మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. స్టానియా ఇదే రుమాలు విప్పింది. "పరగడుపునేగా, తిను," అంది. చిన్నప్పటిలా నోరు తెరిచాడు. ఆమే పెట్టింది. రెండు ముక్కలో, మూడో.

మూడేళ్ళుగా దాన్ని తను చేసిన ఒకే ఒక్క మంచిపనిగా దాచుకుంది.

ఇప్పుడు కుక్క సంగతి చెబితే, వదిన ఆ వెంటనే రెండో ప్రశ్న వేస్తుంది. వుకోసావ అడక్కుండా వదిలే మనిషి కాదు. చెప్పకపోతే, బహుశా ఏమీ కాకపోవచ్చు. పిడికెడు రొట్టె, అదీ తీర్థంలో నానింది. దేవుడి రొట్టె ఎవరినైనా చంపుతుందా? ఆ ఆలోచనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల గిన్నె మీద ఏదో లోహం తగిలిన చప్పుడైంది. ఒబ్రెన్‌ని తీసుకుపోయిన తలుపు వెనక కూడా అలాంటి చప్పుడే వినపడింది.

స్టానియా లేచింది. గోడ పట్టుకుని వెళ్ళి తలుపు తోసింది.

"ఆపండమ్మా. అది తిన్నది. నేనే పెట్టాను."

యాగోడ చేతిలో సిరంజి ఉంది. చుప్కో ముందుకాలికి గొట్టం కట్టి ఉంది. మత్తు ఇంకా ఎక్కించలేదు. మూల నిలబడ్డ ప్రొఫెసరు ఏం పెట్టారు, ఎంత, ఎప్పుడు అని మాత్రమే అడిగాడు.

"సరే, మధ్యాహ్నం ఆఖర్న చేద్దాం. వేళ మారింది, అంతే," అన్నాడు. "ఇంకొంచెం ఆగి చెప్పుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను."

బయట బెంచీమీద వుకోసావ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏం పెట్టావే?"

"నఫోరా."

"కుక్కకా? పాదిరిగారికి తెలిస్తే నిన్ను చర్చి గుమ్మం తొక్కనివ్వరు."

"తెలుసు వదినా."

"తెలిసి పెట్టావా?"

"భయమేసింది. చచ్చేంత భయమేసింది."

వుకోసావ బెంచీమీద ఆమె వైపు తిరిగింది. ఆడబిడ్డ ఒళ్ళో నలుగుతున్న రుమాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది. స్టానియా రుమాలుని కోటు జేబులో కుక్కుకుంది. అడుగుతుంది. ఇప్పుడు అడుగుతుంది.

"మీ అన్నకీ పెట్టావా?"

స్టానియా అబద్ధం చెప్పగలిగేది. చెప్పాలనే నోరు తెరిచింది.

"పెట్టాను," అంది. "ఆసుపత్రిలో. నువ్వు బయటికెళ్ళినప్పుడు."

వరండా చివర ఎవరిదో పిల్లి అరుస్తోంది. వుకోసావ చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని, గొళ్ళెం తెరిచి, మళ్ళీ మూసింది.

"నన్ను కాఫీ అడిగాడు ఆ పొద్దున," అంది చివరికి. "ఒక్క గుక్క ఇవ్వవే, నోరెండిపోతోంది, అన్నాడు. డాక్టర్లు వద్దన్నారని కసిరాను. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసి, ఆఖరి పొద్దున మనిషిని కసిరి, ఖాళీ కడుపుతో పంపేశానే. మూడేళ్ళుగా పొద్దున్నే కాఫీ కాస్తే నాకు గొంతు దిగదు."

"దానివల్లే పోయాడేమో వదినా. నేను పెట్టినదానివల్లే."

"నాకేం తెలుసు? గుండె అన్నారు. గుండే అనుకుందాం." స్టానియా వైపు వంగింది. "తిన్నాడా మరి? సరిగ్గా తిన్నాడా?"

"నా చేతిలోంచి తిన్నాడు."

"అయితే ఆకలితో పోలేదన్నమాట," అంది వుకోసావ, గోడవైపు తిరిగి ఏడ్చింది. స్టానియా ముట్టుకోవడానికి భయపడి అలాగే కూర్చుంది.

మధ్యాహ్నం చుప్కోని మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. లోపల యంత్రం సన్నగా కూసినప్పుడల్లా స్టానియా వదిన స్వెట్టరు అంచు గుప్పిట్లో బిగించింది. వుకోసావ విదిలించుకోలేదు. యంత్రం ఆగిపోయింది. ఆ తర్వాతి నిశ్శబ్దం అన్నిటికంటే భయంకరంగా ఉంది.

తలుపు తెరుచుకుంది. యాగోడ కుక్కని దుప్పటిలో చుట్టి తెచ్చి స్టానియా ఒళ్ళో పెట్టింది. పాడైన పళ్ళు రెండు తీసేశామంది. చుప్కో నాలుక ఒక పక్కకి వేలాడుతోంది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. కుక్క ముక్కు కదిలింది. తూలుతూ తల ఎత్తి, గాలి వాసన చూసి, మూతిని స్టానియా కోటు జేబులోకి దూర్చింది. అక్కడ రుమాలుంది.

స్టానియా నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"భయపడకే," అంది వుకోసావ. "సాయంత్రం పెడదువుగాని."