ఏడు నెలల బద్దలు

ఎదురింటి భాగ్య నల్లా కాడ అన్నదట: "నరేశ్ సారు రాష్ట్రం కోసం ఎండల తిరిగి తిరిగి కట్టెపుల్లై పాయె. పెండ్లామేమో పొద్దూకులు వెదురు బద్దలు ముందటేస్కొని ఆకాశంల ఇల్లు కడతాంది. ఇంట్ల ఉయ్యాల కట్టే ముచ్చట లేదుగని." అన్నది భాగ్యే అయినా, ఆ మాటను బిందెతో పాటు నడుముకెత్తుకొని చుక్క తొణకకుండా ఇంట్లకు తెచ్చింది మాత్రం అత్త పోచమ్మ.

బోళ్లు తోముతున్న నరేశ్ పెండ్లాం సమ్మక్క తలెత్తలేదు. తలెత్తితే జవాబు చెప్పాలె. జవాబు చెప్తే అన్నం ఆలస్యమైతది. అన్నం ఆలస్యమైతే కాలేజీ బస్సు పోతది. పెండ్లయిన ఐదేండ్లల్ల ఆమె మింగిన మాటలన్నీ ఇట్ల గడియారానికి భయపడి మింగినవే.

ఆమెది రేగొండ. తండ్రి నర్సయ్య మేదరి. గంపలల్లి, తడకలల్లి బిడ్డను ఇంజినీరింగు చదివించిండు. ఇప్పుడామె జనగామ బయట ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తది. ప్రిన్సిపాలు కృష్ణా జిల్లా దిక్కు మనిషి. "సమ్మక్క గారూ, మీ జాతర ఎప్పుడండీ?" అని వారానికొకసారి నవ్వేవాడు. మగ లెక్చరర్లు దిద్దాల్సిన పేపర్లు కూడా, "మీకైతే ఓపికండీ" అంటూ ఆమె బల్ల మీదికే చేరేవి. జీతం కాడికొచ్చేసరికి ఆ ఓపిక ఎవరికీ యాదికుండేది కాదు.

ఇవన్నీ దాటుకొని ఆమె మనసు పోయి కూర్చునే చోటొకటుంది. భూమి చుట్టూ తిరిగే చోటు. అక్కడ పెద్ద కట్టడం నిలబెట్టాలంటే మొత్తం ఒక్కసారి పంపలేరు. రాకెట్ కడుపు చిన్నది. ముక్కలు ముక్కలుగా, మడతపెట్టి పంపాలె. అక్కడికి పోయినంక ఒక్కో ముక్క తనంతట తానే విచ్చుకొని, పక్కదాని చెయ్యి పట్టుకోవాలె. బిగించేటందుకు మనిషి ఉండడు. సమ్మక్క ఆరు మూలల ఉంగరాలు గీసింది. ఒకటి పక్కన ఒకటి తగిలించుకుంటూ పోతే ఊరంత కట్టడం పరుచుకుంటది. ఎండల కాగి, నీడల గడ్డకట్టే ఆ చోట కీలు ఎట్లుండాలో ఆమెకు ఏ పుస్తకమూ తృప్తిగా చెప్పలేదు. నర్సయ్య తడకకు తలుపు కడుతూ చెప్పిండు: "కీలుకు జర ఊపిరి వదలాలె బిడ్డా. మరీ బిగవడితే ఇరుగుతది."

అందుకే నమూనా వెదురుతోనే చేసింది. కీళ్లకు సైకిల్ చక్రం పుల్లలు. ఎనిమిది ఉంగరాలకు ఏడు నెలలు. పైన బరువుండదు గనుక, ఇంటి దూలానికున్న ఉయ్యాల కొక్కేనికి దారాలు కట్టి, గాలిలో వేలాడదీసి విప్పి చూసుకునేది. "ఆ కొక్కేనికి ఊపాల్సింది ఊపక బద్దలు ఊపుతాంది," అనేది పోచమ్మ. నరేశ్ నవ్వి ఊకునేవాడు. ఆ నవ్వు అత్త మాటకన్న లోతు దిగేది.

రేపు వరంగల్‌కు బెంగుళూరు అంతరిక్ష కేంద్రం నుంచి పెద్దసార్లు వస్తరు. నమూనా నచ్చితే అక్కడ రెండేండ్ల కొలువు. నిన్ననే ఆమె ఎనిమిది ఉంగరాలనూ మడిచింది. ఒక్కోటీ మూరెడు కట్టయింది. కట్టకొక చీటీ కట్టి, సంచిల పెట్టి, గోడకు ఆనించింది.

ఇయ్యాల మాత్రం రోడ్డు మీద వంటావార్పు. రెండువేల పదకొండు వానకాలం అది. హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినుడు. నరేశ్ జేఏసీ పెద్దల్లో ఒకడు. తెలంగాణ రాష్ట్రం రావాలని సమ్మక్కకూ ఉంది. చదువుకునే రోజుల్లో గొంతు పోయేదాక అరిచింది. అయితే మైకు మగవాళ్ల దిక్కే ఉంది. మూడువందల మంది ఉల్లిగడ్డ ఆడవాళ్ల దిక్కు.

రాత్రి వానకు కట్టెలు నానినయి. పొగ తప్ప మంట లేదు. "ఇంట్ల ఎండువి ఉన్నయి తీ, మేదరోళ్ల పిల్ల ఉన్న ఇంట్ల బద్దలకు కరువా," అని పోచమ్మ ఆటో ఎక్కిపోయింది. అప్పుడు సమ్మక్క దూరాన బియ్యం కడుగుతోంది.

కాసేపటికి నరేశ్ గొంతు మైకులో ఖంగుమన్నది. "మన నీళ్లు మలుపుకపోయిన్రు. అడిగిన్రా? అడగలే! ఇదేందంటే 'ఏమైతది, సర్దుకోండి' అన్నరు! సర్దుకుందామా?"

"సర్దుకోం!" అన్నది రోడ్డంతా. బియ్యపు చేతులు పైకెత్తి సమ్మక్క కూడా అన్నది.

కడిగిన బియ్యపు గంపతో పొయ్యి కాడికి వచ్చింది. మంట మంచిగ మండుతోంది. బగోనె కింద ఎర్రగా కాలిన సైకిల్ పుల్ల ఒకటి, పక్కన ఇంకొకటి. పొయ్యి ముందట తన సంచి ఖాళీగా పడి ఉంది. పొయ్యిగడ్డ పక్కన సగం కాలిన చీటీ. 'ఆరో ఉంగరం' అని తన చేతిరాత.

"చీటీతోనే అంటుకున్నది మంచిగ," అన్నది అమాయకంగా పోచమ్మ. "నరేశే అంటువెట్టిండు. పేపరోళ్లు ఫోటో గూడ తీసిన్రు."

అత్తకు తెలియదు. కట్టలు కట్టలుగా మడిచిన బద్దలు ఆమెకు పొయ్యిలోకి తప్ప ఇంకెందుకు కనబడాలె? ఎంత బాగ మడతపడితే అంత గొప్ప డిజైను. అంత బాగ మడతపడ్డది గనుకనే కట్టెపుల్లల కట్టయింది. కాని చీటీ? చీటీ ఇప్పి, చదివి, అగ్గిపుల్ల గీసినాయన ఎమ్మే చదివిండు.

నరేశ్ వచ్చి పక్కన నిలబడ్డడు. "ఎండు కట్టె దొరకలే. మూడువందల మంది ఆకలి. ఏమైతది తీ, సర్దుకో. మల్ల అల్లుకుంటవు."

ఆమె పుల్లతో కీళ్లను ఒక్కొక్కటే బయటికి లాగింది. పది దొరికినయి. వేళ్లు కాలినా కొంగులో మూటకట్టుకుంది. తర్వాత అన్నం గంప ఎత్తుకొని పంక్తిలోకి పోయి వడ్డించసాగింది.

సంగతి విన్న జేఏసీ పెద్దమనిషి దామోదర్, విస్తరి ముందు కూర్చొనే ఓదార్చిండు. "బాధపడకు చెల్లె. పెద్ద కొట్లాట కాడ చిన్నచిన్నయి పోతనే ఉంటయి. రాష్ట్రమొచ్చినంక అన్నీ చూసుకుందాం."

సమ్మక్క ఆయన విస్తరిలో అన్నం పెట్టింది. పక్కనున్న నరేశ్ విస్తరి దాటిపోయింది. నాలుగడుగులేసి ఆగి, దామోదర్ దిక్కు తిరిగింది.

"నీళ్లు మలుపుకపోయినోళ్లు గూడ గిట్లనే సర్దుకోమన్నరని ఇప్పుడే గదనే అన్నా మా ఆయనే మైకుల చెప్పిండు."