వాగున కావలి గుఱి

వసంతము ప్రవేశించి పక్షము గడవకమునుపే మేఘగిరి పాదమునందలి యిప్పతోపులు పత్రములనెల్ల రాల్చి నగ్నశాఖలతో నిలిచి రాత్రియెల్ల దాచుకొన్న మధుభరితపుష్పములను అరుణోదయవేళ నొక్కటొక్కటిగ నేలకు విడుచుచుండ నా పరిమళము మంచుతో గలసి లోయలనెల్ల మత్తెక్కించుచుండెను. ఇప్పపువ్వు కొండవారికి అలంకారము గాదు, అన్నము. చైత్రమున నేరి యెండబెట్టుకొన్న పువ్వే వర్షాకాలమున వారి కుండలలో నుడుకును. ఎలుగుబంటికిని ఆ పువ్వే ప్రాణము. కావున ప్రతివత్సరము నా తోపులలో స్త్రీలును భల్లూకములును ఒకరి కొకరు తప్పుకొని యెట్లో సర్దుకొని పోవుచుండిరి.

ఆ యేడు మాత్రము సర్దుబాటు చెడెను. ముదిమిచే కోపము హెచ్చిన మగ యెలుగొకటి తెల్లవాఱకమున్నే తోపు చేరి ప్రొద్దెక్కువఱకు కదలక గంపలతో వచ్చిన స్త్రీలను తఱుముచుండెను. పువ్వు నేలమీదనే కుళ్లుచుండుటచే కొండవారు తమ జమీందారగు ముకుందదేవునికడకు వచ్చి మొఱపెట్టుకొనిరి. ఆయన మీసము దువ్వి మఱునాడే వచ్చెదనని మాట యిచ్చెను.

ఆయన వంశమున వేటకొక ధర్మము గలదు. మృగముయొక్క చెవి కదలుట కంటికి కనబడునంత దగ్గఱకు పోక తుపాకి యెత్తరాదు. గాయపడిన మృగమును వెదకి చంపువఱకు అన్నము ముట్టరాదు. గుండు తగిలినదో లేదో చెప్పవలసినవాడు కాల్చినవాడే. గుఱిమీద కన్నుంచినవాడు గావున ఆతని మాటకు మఱి ప్రశ్న లేదు. యౌవనమునందు ముకుందదేవు తండ్రినాటి జోడుగొట్టపు తుపాకి భుజమున నిడుకొని, జాడ తెలిసిన కొండవాడు పాంగి గాసి ముందు నడువ, ముండ్లలో ప్రాకి, గాలికెదురుగ గడియలకొలది పొంచియుండి యొక్క గుండుతో పని ముగించుచుండెడివాడు. ఆ గాసియే నేటికిని ఆయనకు త్రోవచూపువాడు.

కాని మోకాళ్లు వంశధర్మము నెఱుగవు. నడివయస్సు దాటి కొండయెక్కుట కష్టమైన కాలమున, గడచిన శీతకాలమునందు, ఆయన కలకత్తానుండి మాగ్నమ్ అను పేరుగల తూటాలను కాల్చు క్రొత్త రైఫిలొకటి తెప్పించెను. ఆ తూటా వ్రేలికన్న పొడవైనది. కడుపునిండ మందు కూరుకొని ముక్కున సన్నని గుండు ధరించినది. పాతతుపాకి గుండు నడుమనే వంగి నేలకు దిగునంతటి దూరమునకు దీని గుండు దారము లాగినట్లు తిన్నగా పోవును. దూరమెంతయని యూహింప నక్కఱలేదు. కన్నెక్కడనో గుండక్కడనే. ఈ కొండమీద కూర్చుండి ఆ కొండమీది లేడిని పడగొట్టిననాడు ముకుందదేవునకు పోయిన యౌవనము తిరిగి వచ్చినట్లయ్యెను. ఆ సంతోషము నిజమైనదే. దానిని తప్పుపట్ట నెవ్వరికిని మనసొప్పదు.

అయితే ఆ తుపాకి యూరక యిచ్చునది గాదు. పాతది భుజమును త్రోసెడిది, ఇది గ్రుద్దెడిది. పేల్చిన ప్రతిదినము సాయంకాలమున తవుడు కాపడము తప్పకుండెను. చెవులు ఝాములకొలది హోరెత్తుచుండెను. దగ్గఱనుండి కొట్టిన దుప్పి జబ్బ నెత్తుటిముద్దయై యెముకపొడితో కలసిపోగా, వాడుకచొప్పున జబ్బ తన పాలు గావున గాసి దానిని ఆకులో చుట్టుకొని పోయెను. వీనియన్నిటికన్న హానికరమైనది మఱియొకటి కలదు. దెబ్బ యెఱిగిన దేహము దెబ్బకు ముందే జడియ నేర్చెను. మీట నొక్కుటకు రెప్పపాటు ముందుగనే ముకుందదేవుని కన్నులు వానియంతట నవియే మూసికొనుచుండెను. ఆయన యిది యెఱుగును, ఎవ్వరికిని చెప్పలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనెడి పట్టుదల జమీందారులకు మఱికొంత హెచ్చు.

ఇచ్చిన మాటచొప్పున మఱునాటి యుదయమున ఆయన గాసితో వాగున కీవలి గట్టునకు వచ్చెను. ఆవలి వాలున ఇప్పచెట్టుక్రింద నల్లని మూటవలె ఎలుగు మేయుచుండెను. వాగు దాటి దగ్గఱకు పోదమని గాసి సైగచేసెను. ఈ తుపాకికి ఆ శ్రమ యక్కఱలేదని చెప్పి ముకుందదేవు బండపై మోచేయి యూని గుఱిచూచెను. కొండలన్నియు మాఱుమ్రోగునట్లు తుపాకి పేలెను. కన్నులు తెఱచి చూచునప్పటికి చెట్టుక్రింద పువ్వులు తప్ప నేమియు లేదు. 

తగిలినదా యని గాసి యడిగెను. తగిలినదనిన వాగు దాటి పొదలలో వెదకవలెను, వెదకి చంపువఱకు పస్తుండవలెను; ఎఱుగననిన కన్నులు మూసికొంటినని యొప్పుకొనవలెను. ఆయన నాలుక సులభమైన త్రోవ పట్టెను.

“తగులలేదు. బెదరి పోయినది, మఱి రాదు. స్త్రీలను రేపు నిర్భయముగ రమ్మనుము.”

ఒక్కసారి పోయి చూచి వచ్చెదనని గాసి సెలవడిగెను. తన మాటను శంకించుటగా నెంచి ముకుందదేవు వలదని చెప్పి యింటికి పోయి కడుపార భుజించెను.

కొండనాలుకకు మందు వేసిన నున్న నాలుక యూడిన చందమయ్యెను. మఱునాటి వేకువ తోపునకు అందఱికన్న ముందు పోయినది గాసి భార్యయైన బుదరి. వెనుకకాలు నుగ్గై పొదయంచున పడియున్న యెలుగు ఆమె వంగి పువ్వేఱుచుండ మీదబడెను. తక్కినవారు కేకలు వేసి తప్పించునప్పటికి ఆమె మొగమున నెడమభాగమును, ఎడమకన్నును లేవు. వార్త విని ముకుందదేవు తండ్రినాటి పాతతుపాకి గైకొని పరుగున వచ్చి, నెత్తుటిజాడ వెంబడించి, చెవి కదలుట కనబడునంత దగ్గఱనుండి కాల్చెను. అప్పుడును కన్నులు మూసికొనెను. గుండు మట్టిలో దిగెను. గాసి బల్లెముతో పొడిచి యెలుగును చంపెను. పాతతుపాకి చేతబట్టిన మాత్రమున పాతచేయి తిరిగి రాదని ఆయన కప్పుడు తెలిసెను.

బుదరి దిగువ పట్టణపు వైద్యశాలనుండి ప్రాణముతో తిరిగివచ్చిన పిమ్మట ముకుందదేవు కాలినడకను గాసి వాకిటికి పోయెను. గాసి లేచి నిలుచుండెను.

“గాసీ! నాడు కాల్చునప్పుడు నేను కన్నులు మూసికొంటిని. తగిలినదో లేదో చూడనే లేదు. చూడకయే తగులలేదంటిని.”

గాసి నేలవంక చూచుచు నిట్లనెను.

“ఎరుగుదును బాబూ. సీతాకాలం నించీ సూస్తన్నాను. ఆ యేళ నేను ఎలుగ్గొడ్డుని సూడ్నేదు, తమరి మొకమే సూసినాను. తమరు తగల్లేదన్నాక కళ్లు మూసుకున్నారు గదా అని అనడానికి నాకు నోరు రానేదు. తెల్లారి బుదరి ఎల్తానంటే, బాబు సెప్పినారు గదా ఎల్లమన్నాను.”

క్షమింపుమని వేడ వచ్చినవాడు ఆ మాట విని దేనికి క్షమాపణ వేడవలెనో తెలియక నిలిచిపోయెను. కన్నులు మూసికొన్నవాడొకడు, చూచియు నోరు మూసికొన్నవాడొకడు. ఇరువురి నడుమ లోపల గోడవంక తిరిగి పరుండిన స్త్రీయొకతె. ముకుందదేవు వచ్చినత్రోవనే మరలి క్రొత్తతుపాకిని పెట్టెలోబెట్టి తాళము వేయించెను. వేట మానెను. దూరపుగుఱి మనుష్యునకు మృగమును దగ్గఱచేయును గాని చేసిన పనిని దూరము చేయునని ఆయన అప్పుడప్పుడు తనలో ననుకొనుచుండెడివాడు. అనుకొనుటవలన నెవరి కన్నును తిరిగి రాలేదు.

మఱుచైత్రమున వాడుకచొప్పున తొలిపువ్వు కోటకు వచ్చెను. తెచ్చినది బుదరి. గంప దింపి, ఎడమవంకనున్న ఆయనను చూచుటకు తల పూర్తిగా త్రిప్పవలసి వచ్చి, త్రిప్పి చూచెను. అంతలో వెనుక చావడిలో నెవరో తలుపు ధడాలున వేసిరి. ముకుందదేవుని కన్నులు మూసికొనిపోయెను. ఆయన తెఱచునప్పటికి ఆమె యింకను చూచుచునే యుండెను.